మంచం చువ్వమీది మొండి శిలీంధ్రం

పిల్లలూ! బన్నును పొంగించే ఈస్టు మీకు తెలుసు. దాని చుట్టమొకటి ఆసుపత్రి మంచాల చువ్వలమీద వారాలతరబడి బతుకుతుంది. పేరు కాండిడా ఆరిస్. ఆరిస్ అంటే లాటిన్‌లో చెవి. 2009లో జపాన్‌లో 70 ఏళ్ల వృద్ధురాలి చెవిలో దీన్ని గుర్తించారు. చర్మంమీద ఊరకే ఉంటుంది. రక్తంలోకి పోతే ప్రాణాపాయం. ఫ్లుకోనజోల్ మందుకు చాలావరకు లొంగదు.

మన కల్వకుర్తి నర్సింగుహోంలో తాతయ్య ఉన్నాడనుకోండి. ఇది సోకకుండా ఎలా? కొన్ని క్రిమిసంహారకాలకు చావని ఈ మొండిఘటం, బావిలో చల్లే బ్లీచింగ్ పౌడర్‌లోని క్లోరిన్‌కు చస్తుంది! తగుపాళ్లలో కలిపిన ఆ ద్రావణంతో మంచం తుడిచి, కొన్ని నిమిషాలు తడిగా ఉంచాలి. ఒక రోగిని తాకిన చేయి కడుక్కోకుండా మరొకరిని తాకరాదు.

పరామర్శకు వెళ్లి పక్కరోగి మంచంమీద చతికిలబడటం మనకు అలవాటు. నేనూ కూర్చున్నవాణ్ణే. మొన్న మాత్రం నిలబడే మాట్లాడి, చేతులు కడుక్కుని వచ్చాను.