గుర్రపుడెక్క ఉన్నంతకాలం దోమల మందు దండగే!

సాయంత్రం ఆరు కాకముందే కిటికీలు, తలుపులు బిడాయించుకునే కాలనీలు మన నగరాల్లో, పట్టణాల్లో చాలానే ఉన్నాయి. చాలాచోట్ల పక్కనే ఒక చెరువు ఉంటుంది. అందులో నీళ్లు కనిపించవు, గుర్రపుడెక్క కనిపిస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టా ఊళ్లలోనైతే చెరువులతో పాటు పంట కాలువలు, మురుగు డ్రెయిన్లదీ ఇదే పరిస్థితి. అక్కడ గుర్రపుడెక్కకు తూడు, కిక్కిస కూడా తోడవుతాయి.

వానలు మొదలయ్యాక మా ఓపీలో తరచూ వినిపించే మాట ఒకటుంది. ‘‘చెరువు నిండా గుర్రపుడెక్కే డాక్టర్ గారూ, అందుకే మా ఇంట్లో డెంగీ వచ్చింది.’’ చెరువు మీద కోపం న్యాయమే గానీ ఈ నింద మాత్రం దానిది కాదు. డెంగీని మోసుకొచ్చే ఏడిస్ దోమ మురుగు చెరువుల్లో పెరగదు. కూలర్‌లో, పూలకుండీ కింది పళ్లెంలో, మూత లేని సంపులో, మేడ మీది పాత టైరులో నిలిచిన నీళ్లే దానికి ఇష్టం. చెరువు మొత్తం శుభ్రం చేయించినా, ఇంట్లో నీళ్లు వారానికోసారి పారబోసి తొట్టెలు ఆరబెట్టకపోతే డెంగీ వస్తూనే ఉంటుంది.

మరి గుర్రపుడెక్కతో వచ్చే దోమ ఏది?

ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి క్యూలెక్స్. మురుగు నీరు కదలకుండా నిలిచినచోట, మొక్కల మధ్య చిన్న చిన్న సందుల్లో పెరుగుతుంది. తెలుగు రాష్ట్రాల్లో బోదకాలు వ్యాధిని మోసేది ఇదే. వరిచేలల్లో, మొక్కలున్న కుంటల్లో పెరిగే దీని జాతి దోమలు కొన్ని జపనీస్ మెదడువాపునూ వ్యాపింపజేస్తాయి.

రెండోది మాన్సోనియా. దీని తీరే వేరు. మామూలు దోమ పిల్లలు, అంటే లార్వాలు, గాలి పీల్చుకోవడానికి నీటిపైకి రావాలి. మాన్సోనియా లార్వా పైకి రాదు. శరీరం చివరనున్న సూదిలాంటి గొట్టాన్ని నీటి మొక్క వేరులోకి గుచ్చి, ఆ వేరులో ఉండే గాలినే పీల్చుకుంటుంది. ప్యూపా దశలోనూ అంతే. గుడ్లు పెట్టేది కూడా నీటిమీద తేలే ఆకుల అడుగునే. మొక్క లేకపోతే ఈ దోమకు బతుకే లేదు. ఇది కుడితే నొప్పి ఎక్కువ. పిల్లల కాళ్ల మీద దద్దుర్లు లేచి, గోకి గోకి పుండ్లవుతాయి. ఆ పుండ్లలో చీము పట్టాక గానీ చాలామంది ఆసుపత్రికి రారు.

కేరళలోని చేర్తల ప్రాంతంలో ఒకరకం బోదకాలు ఈ మాన్సోనియా వల్లే దశాబ్దాల పాటు పీడించింది. అక్కడి కుంటల్లో అంతరతామర మొక్క విపరీతంగా ఉండేది. చేపల పెంపకం కోసం కుంటల్లో ఆ మొక్కను తీసేయడం మొదలుపెట్టాక దోమలూ తగ్గాయి, వ్యాధీ తగ్గింది.

మందు ఎందుకు పనిచేయదంటే

చెరువు మీద డ్రోన్‌తో మందు చల్లడం ఇప్పుడు చూస్తూనే ఉన్నాం. ఫొటోకు బాగుంటుంది. గుర్రపుడెక్క దట్టంగా అల్లుకున్న చెరువు మీద చల్లితే ఆ మందులో ఎక్కువ భాగం ఆకుల మీదే ఆగిపోతుంది. నీటిపై నూనె చల్లడం మరో పద్ధతి. పైకి వచ్చి గాలి పీల్చే లార్వాలు దానికి చస్తాయి గానీ, పైకే రాని మాన్సోనియాను అదేం చేస్తుంది? ఫాగింగ్ పొగ ఎగిరే దోమల్ని చంపుతుంది, రెండు మూడు రోజులకు కొత్తవి లేస్తాయి. గంబూసియా చేపలు వదులుతారు, అవి వేళ్ల చిక్కుల్లోకి దూరలేవు. మొక్క తీసేశాకే ఇవన్నీ పనికొస్తాయి. అందుకే వార్డు సభలో అడగాల్సింది ‘మందు ఎప్పుడు కొడతారు?’ అని కాదు, ‘గుర్రపుడెక్క ఎప్పుడు తీస్తారు?’ అని.

తీయడంలోనూ తేడాలున్నాయి. దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతపు మొక్క ఇది. పూలు బాగున్నాయని తెచ్చి పెంచుకున్నారు. బెంగాల్‌లో 1936లోనే దీని తొలగింపునకు చట్టం చేయాల్సి వచ్చింది. వేడి, మురుగు రెండూ ఉంటే సుమారు రెండు వారాల్లో రెట్టింపవుతుంది. గింజలు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి కాబట్టి వేసవిలో చెరువు ఎండినా, వాన పడగానే మళ్లీ మొలుస్తుంది. నీళ్లు తగ్గినప్పుడు, వానలకు ముందే యంత్రాలతో తీసేసి, తర్వాత పదిహేను రోజులకోసారి కొత్త పిలకల్ని చేత్తో ఏరించాలి. మొదటి పనికి టెండర్లు పిలుస్తారు, రెండో పనికి ఎవరూ పిలవరు. చిక్కంతా అక్కడే ఉంది.

తీసిన మొక్కను గట్టు మీదే కుప్ప పోస్తే వానకు మళ్లీ నీళ్లలోకి జారుతుంది, లేదా కుళ్లి ఈగలకు, పాములకు ఆవాసమవుతుంది. ఇందులో తొంభై శాతానికి పైగా నీరే. నీటికి దూరంగా పలచగా పరిచి ఆరబెడితే బరువు బాగా తగ్గుతుంది, తరలింపు ఖర్చూ తగ్గుతుంది. కంపోస్టు చేయొచ్చు. అయితే ఫ్యాక్టరీల వ్యర్థాలు కలిసే చెరువు మొక్కను మాత్రం ఎరువుగానూ, పశువుల మేతగానూ వాడకూడదు. సీసం, కాడ్మియం లాంటి లోహాలను ఇది నీటిలోంచి పీల్చుకుని దాచుకుంటుంది.

ఈ మొక్కను మాత్రమే తిని బతికే నియోకెటినా అనే పెంకు పురుగులను 1980ల్లో బెంగళూరు చెరువుల్లో వదిలారు. మంచి ఫలితాలొచ్చాయి, కానీ కొన్నేళ్లు ఓపిక పట్టాలి. నాలాల్లోంచి మురుగు దిగుతూనే ఉంటే మాత్రం పురుగు తినే వేగం కన్నా మొక్క పెరిగే వేగమే ఎక్కువ. డ్రైనేజీని చెరువులోకి రాకుండా ఆపకుండా ఏ పద్ధతి పట్టినా ఏటేటా బిల్లులే మిగులుతాయి.

కలుపు మందు కొట్టేద్దామనే ఆలోచన మాత్రం వద్దు. ఒకేసారి చచ్చిన మొక్కంతా నీళ్లలో కుళ్లి ప్రాణవాయువు పడిపోతుంది. దోమ పిల్లల్ని తినే చేపలు ముందు చస్తాయి. ఆ నీళ్లు పశువులు తాగుతాయి, ఊటగా బోర్లలోకీ చేరతాయి. చల్లగా మిగిలిన డబ్బా ఇంట్లో మూలన పెట్టుకోవడం ఇంకో ప్రమాదం. పారాక్వాట్ లాంటి కలుపు మందు ఒక్క గుక్క లోపలికి పోయినా విరుగుడు లేదు. అలా వచ్చినవాళ్లు మాతో మాట్లాడుతూనే రోజుల వ్యవధిలో ఊపిరితిత్తులు పాడై చనిపోవడం ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసే వాళ్లందరికీ తెలుసు.

నీళ్లలో దిగేవాళ్ల సంగతి

యంత్రం చేరలేని చోట మనుషులే దిగుతారు. ఎక్కువగా రోజు కూలీకి వచ్చినవాళ్లు, ఒంటి మీద బనియను, కాళ్లకు ఏమీ ఉండదు. గుర్రపుడెక్క కింద లోతు తెలియదు, కాడలు కాళ్లకు చుట్టుకుంటే ఈత వచ్చినవాళ్లూ మునిగిపోతారు. ఒంటరిగా దిగకూడదు. నడుముకు తాడు, లైఫ్ జాకెట్, మోకాళ్ల దాకా గమ్‌బూట్లు, రబ్బరు చేతి తొడుగులు కాంట్రాక్టరే ఇవ్వాలి. కాళ్ల మీద పుండు ఉన్నవాళ్లను ఆ రోజుకు గట్టు మీది పనిలో పెట్టాలి. పాము కరిస్తే కోయడాలు, కట్లు బిగించడాలు వద్దు. కాలు కదలనివ్వకుండా 108లో ఆసుపత్రికి తీసుకురండి, విరుగుడు ఇంజెక్షన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

ఎవరూ పట్టించుకోని జబ్బు లెప్టోస్పైరోసిస్. ఎలుకల మూత్రం కలిసిన నీటిలోంచి, కాలి మీది గీతల ద్వారా ఒంట్లోకి వస్తుంది. సాధారణంగా వారం, రెండు వారాల్లో చలిజ్వరం, ఎర్రబడిన కళ్లు, పిక్కలు ముట్టుకోనివ్వనంత నొప్పి. మొదట్లోనే గుర్తిస్తే డాక్సీసైక్లిన్ లాంటి చవక మందులతో తగ్గిపోతుంది. ఆలస్యమైతే కామెర్లు, మూత్రం తగ్గిపోవడం, కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ దాకా పోవడం. నెలల తరబడి ఈ పనిలో ఉండేవాళ్లకు ముందు జాగ్రత్తగా వారానికోసారి మాత్ర ఇవ్వొచ్చేమో డాక్టరును అడగండి. గర్భిణులు, చిన్నపిల్లలు దీన్ని సొంతంగా వాడకూడదు. చెరువు పనికి వెళ్లిన నెలలోపు జ్వరం వస్తే ఓపీలో ‘జ్వరం’ అని మాత్రమే చెప్పి ఊరుకోకండి. ఏ రోజు నీళ్లలో దిగారో, కాలికి దెబ్బ ఉందో లేదో కూడా చెప్పండి.