బాంబే హిల్స్ ఎక్కని మోరిస్ మైనర్

ఆక్లాండ్ నుంచి హామిల్టన్ వైపు వెళ్ళేవాళ్ళందరికీ బాంబే హిల్స్ తెలిసే ఉంటుంది. (మన బొంబాయితో దీనికున్న చుట్టరికమల్లా 1860లలో వలసవాళ్ళని ఇక్కడికి తెచ్చిన 'బాంబే' అనే ఓడ పేరు మాత్రమే!) ఇప్పటి కార్లకి అదొక ఎత్తే కాదు. మా మోరిస్ మైనర్‌కి మాత్రం తిరుమల ఘాట్ రోడ్డుతో సమానం. ఇంటి ముందు ఐడిల్‌లో ఎంతసేపు ఉంచినా తడబడదు, ఊళ్ళో చక్కగా తిరుగుతుంది. కొండ సగం ఎక్కేసరికి కుదుపులు మొదలై ఆగిపోతుంది. పక్కకి తీసి ఐదు నిమిషాలు ఊరుకుంటే, ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది.

ఉన్న టొయోటా చాలక ఈ పాత కారెందుకు అనే ప్రశ్న మా ఇంట్లోనూ ఉంది. మన అంబాసిడర్ నిజానికి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌కి భారతీయ రూపం. అంటే మైనర్ దానికి చిన్నాన్న కొడుకు వరస. పైగా ఒకప్పుడు ఆక్లాండ్‌లోని న్యూమార్కెట్‌లోనే డొమినియన్ మోటార్స్ వాళ్ళు మోరిస్ కార్లు బిగించేవారు. అందుకే ఇక్కడి గరాజుల్లో ఇవి ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. చిన్నప్పుడు అంబాసిడర్ వెనక సీట్లో ఏడుగురు కజిన్లతో ఇరుక్కుని ప్రయాణించినవాళ్ళకి అంతకన్నా కారణం చెప్పనక్కర్లేదు.

సరే, అసలు కథ. కొండ ఎక్కడం లేదంటే పంపు నీరసించిందనుకున్నాను. దొరికిన యూనివర్సల్ ఎలక్ట్రిక్ పంపొకటి కొని బిగించాను. కొండ ఎక్కేసింది! రెండు వారాలు మహా గర్వంగా తిరిగాను. ఒక ఆదివారం సాయంత్రం ట్రాఫిక్‌లో ఆగి ఉండగా మా ఆవిడ "పెట్రోలు వాసన వస్తోంది" అంది. పాత కార్లన్నీ అంతేలే అనబోయి, ఎందుకో పక్కకి తీసి బానెట్ ఎత్తాను. కార్బురేటర్ ఫ్లోట్ చాంబర్ మీది గొట్టంలోంచి పెట్రోలు సన్నగా కారుతోంది. ఈ ఇంజన్లో కార్బురేటర్ సరిగ్గా ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పైనే కూర్చుంటుంది. ఆ మానిఫోల్డేమో కాలిన పెనంలా ఉంది. వెనక సీట్లో పిల్లలిద్దరూ ఉన్నారు. ఆ రోజు ఏమీ కాలేదు. కానీ ఎందుకలా అయిందో పూర్తిగా అర్థమయ్యేదాకా ఆ కారు తాళం ముట్టుకోలేదు.

ఫ్లోట్ చాంబర్ అంటే మన ఇళ్ళలో నీళ్ళ ట్యాంకులో తేలే బంతి లాంటిదే. పెట్రోలు నిండే కొద్దీ ఫ్లోట్ పైకి లేచి, ఒక చిన్న సూదిని నొక్కి దారి మూస్తుంది. ఆ సూదిని కిందికి తోసేది పంపు ప్రెషర్, పైకి ఎత్తేది ఫ్లోట్ తేలే బలం. ఆ బలం చాలా కొంచెం. మైనర్లో ఉండే ఎస్‌యూ కార్బురేటర్‌కి రెండు, రెండున్నర పీఎస్ఐ చాలు. కారు టైర్లో మనం కొట్టించేది 30 పీఎస్ఐ దాకా ఉంటుంది కదా, పోల్చి చూసుకోండి. పీఎస్ఐ అంటే సుమారు 95 సెంటీమీటర్ల పెట్రోలు మట్టం ఇచ్చే ఒత్తిడి. అంటే తలకి కాస్త పైన ఒక డబ్బా వేలాడదీసినా ఆ కార్బురేటర్‌కి సరిపోతుందన్నమాట! నేను గేజ్ పెట్టి చూస్తే కొత్త పంపు దాదాపు ఆరు చూపించింది. పాపం సూది ఏం చేస్తుంది?

మరి కొండ దగ్గర ఆగడానికి కారణం? ఇక్కడే నేను, నెట్‌వర్కుల్లో బ్యాండ్‌విడ్త్ గురించి రోజూ వాదించేవాణ్ణి, చిన్న విషయం మర్చిపోయాను. ప్రెషర్ వేరు, ప్రవాహం వేరు. మూసుకుపోయిన ఫిల్టర్ వెనక కూడా, ప్రవాహం లేనప్పుడు ప్రెషర్ పూర్తిగానే కనిపిస్తుంది. పెట్రోలు వేగంగా కదిలినప్పుడే ఫిల్టర్ దాన్ని మింగేస్తుంది. 48 హార్స్‌పవర్ ఇంజన్ పూర్తిగా శ్రమిస్తే నిమిషానికి 200 మిల్లీలీటర్ల పైమాటే తాగుతుందని నా లెక్క. ఐడిల్‌లో 20 కూడా దాటదు. పాత పంపు మళ్ళీ బిగించి, ట్యూబు ఊడదీసి ఒక నిమిషం డబ్బాలోకి పట్టాను. (ఇంజన్ చల్లగా ఉండాలి, ఆరుబయట చేయాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు, ఎక్స్‌టింగ్విషర్ చేతికందాలి.) వచ్చింది 120. ఫిల్టర్ తీసేసి పడితే అర లీటరు పైనే! ఆ ఫిల్టర్ కోసి చూస్తే లోపల కాఫీ పొడిలా ట్యాంకు తుప్పు. పంపు అసలు నీరసించనే లేదు.

అంటే నా గట్టి పంపు చేసినదేమిటి? కొండ మీద దాని అదనపు ప్రెషర్‌ని ఫిల్టర్ తినేసేది, కనుక సూది క్షేమం. కారు ఆగినప్పుడు ప్రవాహం తగ్గి, ఆరు పీఎస్ఐ నేరుగా సూది మీద పడేది. అందుకే ట్రాఫిక్‌లో కారింది. వారెంట్ ఆఫ్ ఫిట్‌నెస్ తనిఖీలో పెట్రోలు కారుతుంటే ఫెయిల్ చేస్తారు గానీ, ప్రెషర్ కొలవరు.

మీ దగ్గరా ఇలాంటి బండి ఉంటే ముందు ఫిల్టర్ మార్చండి, తర్వాత నిమిషం లెక్క చూడండి, ఆ తర్వాతే పంపు జోలికి పోండి. కొత్త పంపు తప్పదంటే రెగ్యులేటర్, గేజ్ కూడా కొనండి. మరీ సన్నటి ఫిల్టర్ పంపుకి ముందు పెట్టకండి. పీల్చే వైపు అడ్డం పెరిగితే పెట్రోలు ట్యూబులోనే ఆవిరైపోతుంది. అక్కడ ముతక జాలీ చాలు, సన్నది పంపు తర్వాత, ఎగ్జాస్ట్‌కి దూరంగా. గాజు ఫిల్టర్లు అందంగానే ఉంటాయి కానీ నాకు నమ్మకం లేదు, పగిలితే ఎక్కడ పడుతుందో ఇందాకే చెప్పాను. పారదర్శక ప్లాస్టిక్ ఫిల్టర్ సగమే నిండినట్టు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. ఎస్‌యూ పంపు టిక్ టిక్ మంటుంది. ఇంజన్ ఆపి తాళం మాత్రం ఆన్‌లో ఉంచితే, చాంబర్ నిండగానే ఆ చప్పుడు ఆగాలి. ఆగకపోతే ఎక్కడో కారుతోందని, లేదా గాలి పీలుస్తోందని అర్థం.

ఇంకొకటి, ఇథనాల్. ఇక్కడ గల్ కంపెనీ 2007లో పాల విరుగుడు నుంచి తీసిన ఇథనాల్‌ని 10 శాతం కలిపిన పెట్రోలు తెచ్చింది. ఇండియాలో 2025కల్లా 20 శాతానికి చేరారు. ఇథనాల్ పాత రబ్బరు ట్యూబుల్ని ఉబ్బించి మెత్తబరుస్తుంది, ట్యాంకు అడుగున ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డిని కదిలిస్తుంది. ఆ మడ్డి నేరుగా వచ్చేది ఫిల్టర్లోకే. ఊళ్ళో నాన్నగారి అంబాసిడరో, ప్రీమియర్ పద్మినో ఇంకా షెడ్డులో ఉంటే, ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు ఇథనాల్‌కి తట్టుకునే ట్యూబు రెండు మీటర్లు, ఫిల్టర్లు రెండు తెప్పించి పెట్టండి. రెండెందుకంటే, మొదటిది కొద్ది వారాల్లోనే నిండిపోతుంది.