రాస్ప్‌బెర్రీ పై బూట్ అవ్వట్లేదా? ముందు గ్రీన్ లైట్ లెక్కపెట్టండి

పవర్ ఇచ్చారు, రెడ్ లైట్ వెలిగింది, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది. బోర్డు పోయిందని అప్పుడే ఫిక్స్ అయిపోకండి.

రాస్ప్‌బెర్రీ పైలో ముందు నిద్ర లేచేది సీపీయూ కాదు, జీపీయూ! పై 3 వరకు వచ్చిన మోడల్స్‌లో, చిప్‌లోనే ఉండే చిన్న ప్రోగ్రామ్ ఎస్‌డీ కార్డులో బూట్‌కోడ్.బిన్ కోసం వెతుకుతుంది. అప్పటికి ర్యామ్ కూడా ఆన్ అవ్వదు కాబట్టి ఆ ఫైల్ క్యాష్‌లోనే రన్ అవుతుంది. అది ర్యామ్‌ని రెడీ చేశాక స్టార్ట్.ఎల్ఫ్ వంతు. కాన్ఫిగ్.టీఎక్స్‌టీలోని మీ సెట్టింగ్స్ చదివి, లైనక్స్ కెర్నల్‌ని లోడ్ చేసి, ఏఆర్ఎం కోర్లను లేపేది ఇదే. అంటే మనం డబ్బులు పెట్టి కొన్న ప్రాసెసర్ అందరికంటే లేటుగా డ్యూటీ ఎక్కుతుందన్నమాట.

2019లో వచ్చిన పై 4లో బూట్‌కోడ్ పనిని బోర్డు మీదున్న ఈప్రామ్ చిప్‌కి అప్పగించారు.

ఇక గ్రీన్ లైట్ సంగతి. పై 4 దాకా, అది 4 సార్లు మెరిసి, కాస్త ఆగి, మళ్లీ 4 సార్లు మెరుస్తుంటే స్టార్ట్.ఎల్ఫ్ దొరకలేదని అర్థం. 7 సార్లయితే కెర్నల్ ఫైల్ లేదు. రెండిట్లోనూ ముందు అనుమానించాల్సింది కార్డునే. కొత్త బోర్డు ఆర్డర్ పెట్టేముందు ఓఎస్‌ని ఇంకో కార్డులో ఫ్లాష్ చేసి చూడండి.