జట్టు ఎవరిది?

హైదరాబాదు జట్టు ఓడినపుడు మన పాఠశాల బాలబాలికలు చిన్నబోవుటను పలుమారులు చూచితిని. ఆ జట్టు నిజముగా ఎవరిదో విచారింతము.

జీతముపై ఆడు జట్టు నగరము పేరు ధరించినను నగరవాసుల సొత్తు కాదు. ధనవంతుడగు యజమాని జట్టును నడుపు హక్కును కొని, ఆటగాండ్రను ఒడంబడికపై నియమించును. అమెరికాలో వేళ్లూనిన ఈ పద్ధతి పిమ్మట మన దేశమున వ్యాపించినది.

దీని ఫలమును హైదరాబాదు రెండుమారులు చూచినది. 2008లో పుట్టిన దక్కన్ ఛార్జర్స్ క్రికెట్టు జట్టు 2009లో ఐ.పి.ఎల్. విజేత యయ్యెను, యజమానులు ఆర్థికసంకటమున బడగా 2012లో అంతరించెను. మరుసటి యేట వేఱొక యజమాని క్రింద సన్‌రైజర్స్ జట్టు వచ్చినది. 2019లో ఏర్పడిన హైదరాబాదు ఫుట్‌బాల్ జట్టు 2022లో ఐ.ఎస్.ఎల్. కిరీటమును గెలిచెను, పిదప జీతములు అందక పలువురు ఆటగాండ్రు వెడలిపోయిరి, 2025లో జట్టు ఢిల్లీకి తరలి పేరే మార్చుకొనెను.

అమెరికాలోని గ్రీన్ బే సుమారు లక్ష జనాభా గల పట్టణము. అచటి ప్యాకర్స్ అను ఫుట్‌బాల్ జట్టు 1919లో పుట్టినది. ధనము చాలక అది కుంగినపుడు, 1923లో పట్టణవాసులే వాటాలు కొని నిలిపిరి. ఆ వాటాలపై లాభము పంచబడదు. నూఱేండ్లు గడచినను జట్టు ఊరు విడువలేదు.

విద్యార్థులారా! కాటారమున మీరాడు కబడ్డీ జట్టుకు యజమాని లేడు. గీతలు గీయువారును, ఓడినవాని భుజము తట్టువారును మీరే. తల్లిదండ్రులు కొంత చేయూత నిచ్చిన చాలును. దానిని ఎవ్వరును తరలించుకొని పోజాలరు.