మీకు తెలుసా? గంటకో సెంటీమీటరు లెక్క ఇప్పుడు లేదు!

నొప్పులు ఊపందుకున్నాక గర్భాశయ ముఖద్వారం గంటకో సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలన్నది కాన్పు గదుల్లో దశాబ్దాల పాటు సాగిన లెక్క. కొందరు తల్లులకు అది అందుకోలేని వేగమని, తల్లీబిడ్డలు బాగున్నప్పుడు ఆలస్యమొక్కటే చూసి జోక్యం చేసుకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది.

• ఈ లెక్కకు పునాది న్యూయార్క్ వైద్యుడు ఇమాన్యుయేల్ ఫ్రీడ్‌మన్ 1955లో 500 మంది తొలిచూలు గర్భిణుల కాన్పులను గమనించి గీసిన గ్రాఫు.

• అమెరికాలోని 19 ఆసుపత్రుల్లో జరిగిన 62,415 కాన్పుల రికార్డులను తిరగేసిన అధ్యయనం 2010లో వెలువడింది. అన్నీ వాటంతటవే నొప్పులు వచ్చి, సిజేరియన్ లేకుండా బిడ్డ క్షేమంగా పుట్టిన కాన్పులే. అయినా ముఖద్వారం 4 నుంచి 5 సెంటీమీటర్లకు చేరడానికి 6 గంటలు దాటవచ్చని, 5 నుంచి 6కు 3 గంటలు మించవచ్చని తేలింది.

• నొప్పుల ఉద్ధృత దశను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు 5 సెంటీమీటర్ల నుంచి లెక్కిస్తోంది. అక్కడి నుంచి ముఖద్వారం పూర్తిగా తెరుచుకోవడానికి తొలి కాన్పులో 12 గంటల వరకు, తర్వాతి కాన్పుల్లో 10 గంటల వరకు పట్టడం మామూలే.