గుంటనక్కకు చొక్కా తొడుగుటకు ముందు

పంచతంత్రములో నక్కలు మాటలాడును. వాటి రూపమును ఊహించుకొను భారము వినువానిదే. చిత్రకారునికి ఆ సౌకర్యము లేదు. జంతువును రెండు కాళ్లపై నిలిపి, నవ్వించి, అలిగించి, అయినను అది నక్కయే అనిపించవలెను. ఏ అవయవమును మార్చవచ్చును, దేనిని ముట్టరాదు? ఇందుకు జంతుశాస్త్రము చాల తోడ్పడును. మన మెట్టభూములలో తిరుగు గుంటనక్కను తీసికొని చూతము.

మొదట కాళ్లు. నక్క వెనుకకాలిలో మోకాలు వెనుకకు వంగినట్లు కనబడును. అది మోకాలు కాదు, మడమ! అసలు మోకాలు పైన, పొట్టకు చేరువగా ఉండి, మన మోకాలివలెనే ముందుకు వంగును. నక్క వ్రేళ్లపై నడచును; మనము మడమను నేలకు ఆనించి నడతుము. బొమ్మలో మడమను నేలకు దించినచో, నక్క ముఖము తగిలించుకొన్న మనిషి తయారగును. ఎత్తి ఉంచినచో జంతువు పోలిక నిలుచును గాని, మోకాళ్లను కొంచెము వంచి, శరీరభారము వ్రేళ్లమీదికి వచ్చునట్లు నడుమును ముందుకు తేవలెను. లేనిచో బొమ్మ వెల్లకిల పడబోవుచున్నట్లుండును.

ఇక కన్నులు. మనిషి కంటిలో నల్లగ్రుడ్డుకు ఇరువైపుల తెలుపు విశాలముగా కనబడును. అందుచేతనే ఎదుటివాడు ఎటు చూచుచున్నాడో దూరమునుండియే తెలియును. పెక్కు జంతువులలో ఆ తెలుపు రెప్పలమాటున దాగియుండును. 1928లో వెలువడిన ‘స్టీంబోట్ విల్లీ’ చిత్రములో మిక్కీ మౌస్ కన్నులు నల్లని చుక్కలు మాత్రమే. 1939 నాటికి వాటికి తెలుపు, పాపలు వచ్చినవి. అమెరికన్ జీవశాస్త్రజ్ఞుడు స్టీఫెన్ జే గౌల్డ్ ఆ బొమ్మలను కొలిచి, తల పొడవులో కంటి పరిమాణము 27 శాతమునుండి 42 శాతమునకు పెరిగినదని 1979లో వ్రాసెను. తల కూడ పెద్దదైనది. ఎలుకకు ఏండ్లు వచ్చుకొలది పసితనము వచ్చినదన్నమాట! పెద్ద తల, పెద్ద కన్నులు, ఉబ్బిన బుగ్గలు చూడగానే మనకు లాలించవలెనను కోరిక పుట్టునని కొన్రాడ్ లోరెంజ్ 1943లోనే వివరించియుండెను.

ఈ కిటుకును మితిమీరి వాడుట నాకు సమ్మతము కాదు. మూతిని కుదించి కన్నులను పెంచినకొలది నక్క, కుందేలు, పిల్లి అన్నియు ఒకే పాపాయిగా మారును. పైగా పెద్ద కన్నులు ఎల్లప్పుడును పసితనమునకు గుర్తు కావు. మన అడవులలోని దేవాంగపిల్లికి అవి చీకటిలో పురుగులను వేటాడుటకు ఉపయోగపడును. ఆగ్నేయాసియాలో దాని బంధువులను ఆ కన్నుల ముద్దుచేత పెంచుకొనగోరువారికై పట్టి, కరవకుండ పళ్లు ఊడబెరికి అమ్ముచున్నారు.

సన్నని మూతి, నిక్కిన పెద్ద చెవులు, నల్లని కొనగల గుబురుతోక—గుంటనక్కకు గుర్తులివి. వీటిని విడువక, మిగిలిన వాటిని యథేచ్ఛగా మార్చవచ్చును. గీచిన బొమ్మను లోపలంతయు నల్లగా పులిమి, తరగతిలో చూపుడు. నీడను చూచియే నక్క యని పిల్లలు చెప్పగలిగిన చాలును. తోక వెన్నెముక కొననుండి మొలచును. వీపు మధ్యనుండి కాదు. కనుక లాగు తొడిగించువారు నడుముపట్టీకి కొంచెము దిగువనే తోకకు కంత విడువవలెను.