నిమ్మకాయకు ముహూర్తం ఎవరు పెట్టారు?

చేతబడికి అమావాస్యే ఎందుకు? దిష్టికి ఎరుపే ఎందుకు? మంత్రతంత్రాల వెనక ఓ పెద్ద లెక్కల పుస్తకమే ఉంది. దాన్ని విప్పి చూస్తే భయం పోతుంది. విప్పకుండా నమ్మితే మాత్రం... మనుషులే పోతున్నారు!

అమావాస్య మర్నాడు పొద్దున్నే ఏ నాలుగు దార్ల కూడలికైనా వెళ్లి చూడండి. కోసి కుంకుమ అద్దిన నిమ్మకాయలో, పగిలిన గుమ్మడికాయో, విస్తరాకులో ఎర్రన్నమో... ఏదో ఒకటి కనిపిస్తుంది. స్కూలుకెళ్లే పిల్లల్ని అమ్మలు చెయ్యి పట్టుకుని పక్కకు లాగుతారు. 'ఇలాంటివి నేను నమ్మనండీ' అనే పెద్దమనిషి కూడా బండి హ్యాండిల్ కాస్త పక్కకు తిప్పే పోతాడు.

అందులో మంత్రం ఉందా లేదా అన్నది తర్వాతి మాట. లెక్క మాత్రం ఉంది. రోజు అమావాస్యే కావాలి. చోటు కూడలే కావాలి. కాయ నిమ్మకాయే కావాలి. రంగు ఎరుపే కావాలి. ప్రపంచంలో ఏ మూలకు వెళ్లినా మంత్రగాళ్ల దగ్గర ఇలాంటి చిట్టా ఒకటి ఉంటుంది. 'ఎప్పుడు', 'దేంతో' అన్న రెండు ప్రశ్నల చుట్టూనే అదంతా తిరుగుతుంది.

పోలిక ఉంటే చాలు!

ముందు 'దేంతో' సంగతి చూద్దాం. బ్రిటన్‌కు చెందిన జేమ్స్ ఫ్రేజర్ అనే పండితుడు రకరకాల దేశాల మంత్రతంత్రాల వివరాలను పోగేసి 1890లో 'ది గోల్డెన్ బౌ' అనే గ్రంథం అచ్చువేశాడు. అన్నిటి వెనకా రెండే సూత్రాలున్నాయని తేల్చాడు. ఒకటి: పోలిక ఉన్న వస్తువుకు ఏది చేస్తే అసలు వస్తువుకూ అదే జరుగుతుంది. రెండు: ఒకసారి తగిలి ఉన్నవి, విడిపోయాక కూడా ఒకదాన్నొకటి వదలవు.

ఈ రెంటినీ పట్టుకుంటే మన చిట్టా మొత్తం అర్థమైపోతుంది. పిండిబొమ్మకు సూదులు గుచ్చడం మొదటి సూత్రం. తలవెంట్రుకలు, గోళ్లు, కట్టి విడిచిన బట్ట, కాలికింది మట్టి కోసం వెతకడం రెండోది. గుమ్మడికాయ తలకు పోలిక, లోపల పోసిన కుంకుమ రక్తానికి పోలిక. అందుకే బలి ఇవ్వాల్సిన చోట గుమ్మడికాయ పగిలితే సరిపోతుంది. గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టేది కూడా ఇలాంటి ఊహతోనే. జ్యేష్ఠాదేవికి పులుపూ కారమూ ఇష్టమట, గుమ్మం దగ్గరే తినేసి వెళ్లిపోతుందట!

నవ్వొస్తోందా? మీ పిల్లల ఫొటో చేతికిచ్చి, కళ్ల దగ్గర సూదితో గుచ్చమంటే గుచ్చగలరా? అది ఉత్త కాగితమేనని తెలుసు. అయినా చేయి రాదు. ఆ పోలిక మన మనసులోనే పాతుకుపోయి ఉంది మరి.

గంటకో గ్రహం

ఇక 'ఎప్పుడు'. చంద్రుడు పెరిగే రోజుల్లో పెరగాల్సిన పనులు, తరిగే రోజుల్లో తరగాల్సిన పనులు... ఇదీ పోలిక సూత్రమే. మన శుక్లపక్షం, కృష్ణపక్షం పట్టింపు ఐరోపాలోనూ ఉంది. ఇంగ్లండులో పాత మంత్రవిద్యా చట్టాన్ని 1951లో రద్దు చేశాక గెరాల్డ్ గార్డ్‌నర్ ప్రచారంలోకి తెచ్చిన 'విక్కా' మతస్థులు నేటికీ చంద్రకళల్ని చూసుకునే క్రతువులు చేస్తారు.

అంతకన్నా ఆశ్చర్యం... హోరలు! పంచాంగం చూసేవారికి తెలుసు, రోజులో గంటకో గ్రహం అధిపతి. నింపాదిగా కదిలే శనితో మొదలుపెట్టి గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు... ఇదీ వరుస. శనివారం మొదటి గంట శనిది. ఏడు గంటలకోసారి వరుస తిరిగి 8, 15, 22 గంటలు మళ్లీ శనివే. 23 గురుడిది, 24 కుజుడిది. మర్నాడు మొదటి గంట? రవిది. అందుకే అది ఆదివారం! ఇలాగే లెక్కేసుకుంటూ పోండి. సోమవారం, మంగళవారం వరసగా వచ్చేస్తాయి.

ఈ లెక్క మనకూ ఐరోపాకూ ఉమ్మడిది. జర్మనీలోని కొలోన్‌లో పుట్టిన అగ్రిప్పా 1533లో అచ్చువేసిన మంత్రశాస్త్ర గ్రంథంలోనూ ఈ గంటల లెక్క కనిపిస్తుంది. ఒకే పాత గ్రీకు జ్యోతిషం అటు ఐరోపాకూ ఇటు మనకూ చేరింది మరి. 'హోర' అన్న మాట కూడా గ్రీకు భాష నుంచి వచ్చిందేనంటారు భాషావేత్తలు. 'అహోరాత్ర'లో మొదటి అక్షరం, చివరి అక్షరం తీసేస్తే వచ్చిందని చెప్పేవారూ ఉన్నారని వరాహమిహిరుడే రాశాడు.

లెక్క చక్కగా ఉంది. కానీ దాని పునాది? సూర్యుడు కూడా భూమి చుట్టూ తిరిగే ఓ గ్రహమన్న ఊహ! 1781లో యురేనస్ కనిపించింది. ఆ వరుసలో పాపం దానికి ఒక్క గంటా మిగల్లేదు.

ఇనుము ఎవరిది?

గ్రహానికో ధాన్యం మనకు తెలుసు. రవికి గోధుమలు, చంద్రుడికి బియ్యం, కుజుడికి కందులు, బుధుడికి పెసలు, గురుడికి సెనగలు, శుక్రుడికి బొబ్బర్లు, శనికి నువ్వులు. ఎర్రటి కుజుడికి ఎర్రటి కందులు, పచ్చటి బుధుడికి పచ్చటి పెసలు... ఇక్కడా రంగుల పోలికే.

ఐరోపా మంత్రగాళ్లు లోహాల్నీ ఇలాగే పంచారు. బంగారం సూర్యుడిది, వెండి చంద్రుడిది అన్నారు. అక్కడిదాకా మనకూ వాళ్లకూ పేచీ లేదు. ఇనుము దగ్గరే వచ్చింది చిక్కు. వాళ్లకు అది కుజుడిది, మనకు శనిది. మనం కుజుడికిచ్చిన రాగిని వాళ్లు శుక్రుడికిచ్చారు. వాళ్ల శనికి సీసం దక్కింది. ప్రకృతి రాసిన చట్టమైతే సముద్రం దాటగానే మారుతుందా?

రోజులదీ అదే కథ. మంగళవారం కొత్త పని మొదలుపెట్టడానికి మనవాళ్లు వెనకాడతారు. స్పెయిన్‌లోనూ గ్రీసులోనూ అంతే. కానీ చాలామంది పాశ్చాత్యుల్ని భయపెట్టే శుక్రవారం మనకు లక్ష్మీదేవిని పూజించే రోజు. అమావాస్య అంటే మనకు గుబులు, తమిళులకు మంచిరోజు. ఆమాటకొస్తే మనం ఇంటినిండా దీపాలు పెట్టి లక్ష్మిని పిలిచే దీపావళి ఏ రోజున? అమావాస్యనాడే కదా!

గాదె కూలిన వేళ

మరి ఇన్ని తేడాలున్నా నమ్మకం ఎందుకు చెక్కుచెదరదు? నియమాలు ఎక్కువ కావడమే దానికి బలం. పని జరగలేదనుకోండి... ముహూర్తం దాటిందంటారు. నిమ్మకాయకు మచ్చ ఉందంటారు. ఎదుటివాడి మంత్రం ఇంకా పెద్దదంటారు. తప్పు ఎప్పుడూ చేసినవాడిదే, చిట్టాది కాదు. పది తాయెత్తుల్లో తొమ్మిది పనిచేయకపోయినా పదోవాడే ఊరంతా చెప్పుకుంటాడు. మామూలు జ్వరం ఎలాగూ నాలుగు రోజుల్లో తగ్గేదే. ఆ పేరు మాత్రం తాయెత్తుకు!

ఇంగ్లండుకు చెందిన ఇవాన్స్ ప్రిచర్డ్ మధ్య ఆఫ్రికాలోని అజాండే ప్రజల మధ్య ఉండి, 1937లో వారి మంత్రవిద్యపై ఓ పుస్తకం ప్రచురించాడు. అందులో ఓ ముచ్చట ఉంది. అక్కడ ఎండవేళ గాదెల నీడన కూర్చుంటారు. ఒక్కోసారి గాదె కూలి మీద పడుతుంది. గుంజలకు చెదలు పట్టిందని వాళ్లకు తెలియకా కాదు. వాళ్ల ప్రశ్న వేరు... సరిగ్గా ఈ మనుషులు కూర్చున్నప్పుడే ఎందుకు కూలింది? దానికి వాళ్లిచ్చే జవాబు చేతబడి.

మన ప్రశ్నా అదే కదా! 'ఊళ్లో అందరి పిల్లలూ బాగానే ఉన్నారు, మా పిల్లాడికే ఎందుకు? అదీ ఇప్పుడే ఎందుకు?' వైద్యుడు జబ్బు పేరు చెప్పగలడు. 'నాకే ఎందుకు' అన్నదానికి అతని దగ్గర జవాబుండదు. మంత్రగాడి దగ్గర ఉంటుంది. అక్కడే మొదలవుతుంది అసలు ప్రమాదం.

లెక్క తిరగబడితే...

'ఫలానా రోజున ఫలానా వస్తువుతో చేస్తే ఫలానాది జరుగుతుంది' అన్నది మంత్రగాడి లెక్క. దాన్ని వెనక్కి తిప్పండి. 'జరిగింది కాబట్టి ఎవరో చేశారు. అమావాస్య రాత్రి ఆ ముసలామె వీధిలో కనిపించింది. వాళ్ల పెరట్లో నిమ్మకాయలున్నాయి.' ఇంకేం కావాలి? సాక్ష్యం తయారు!

ఇలాంటి సాక్ష్యాలతోనే ఐరోపాలో 15వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా 40 వేల నుంచి 60 వేల మందిని మంత్రగత్తెలు, మంత్రగాళ్లన్న పేరుతో చంపారని చరిత్రకారుల అంచనా. వారిలో ఎక్కువమంది ఆడవాళ్లే. తెలంగాణ పల్లెల్లో బాణామతి అన్నా, గోదావరి జిల్లాల్లో చిల్లంగి అన్నా కథ ఒకటే. మంత్రం సరిగ్గా పలకకూడదని, అనుమానించిన వాళ్ల పళ్లు రాలగొట్టిన ఘోరాలు మన పల్లెల్లో జరిగాయి. చూశారా, ఆ క్రూరత్వానికీ ఓ 'లెక్క' ఉంది! జాతీయ నేర గణాంకాల సంస్థ హత్యల కారణాల పట్టికలో మంత్రతంత్రాలకు ప్రత్యేకంగా ఓ వరుస ఉందంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. అనుమానానికి బలయ్యేది ఎక్కువగా ఒంటరి ఆడవాళ్లు, వృద్ధులు, అడిగే దిక్కులేని పేదలు.

మూఢనమ్మకాలపై పోరాడిన డాక్టర్ నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చిచంపారు. ఆయన ఏళ్లతరబడి అడిగిన చట్టం మహారాష్ట్రలో ఆ ఏడాదే వచ్చింది. ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా 2013లో, కర్ణాటక 2017లో ఇలాంటి చట్టాలు చేశాయి. ప్రత్యేక చట్టం ఉన్నా లేకున్నా దాడి దాడే, హత్య హత్యే. 'చేతబడి చేశాడని కొట్టాం' అన్నది ఏ కోర్టులోనూ చెల్లదు.

పసుపులో సున్నం కలిపితే...

మీ ఇంట్లోనే చేసి చూడండి. గ్లాసుడు నీళ్లలో చిటికెడు పసుపు వేసి, కాస్త సున్నం కలపండి. నీళ్లు రక్తంలా ఎర్రబడతాయి. అందులో నిమ్మరసం పిండండి. మళ్లీ పసుప్పచ్చ! పసుపు క్షారం తగిలితే ఎర్రబడుతుంది, ఆమ్లం తగిలితే మామూలవుతుంది. ఎర్రన్నం రహస్యమూ ఇదే. దీనికి అమావాస్య అక్కర్లేదు, ఏ హోరలోనైనా జరుగుతుంది. పిల్లల చేత చేయించండి. ఊళ్లో 'మహిమలు' చూపే వారెవరైనా వస్తే మీకన్నా ముందు వాళ్లే నవ్వుతారు.

ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి ఒళ్లు తూలినా, మాట తడబడినా, వింతగా ప్రవర్తించినా వారం, వర్జ్యం చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మనసుకు సంబంధించిన ఇబ్బందైతే 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ 'టెలీ మానస్' సలహాదారులు ఉచితంగా మాట్లాడతారు. వీధిలో ఎవరినైనా మంత్రగాడనో, మంత్రగత్తెనో నిలదీస్తుంటే వెంటనే 112కు చెప్పండి. ఒక ప్రాణం నిలబెట్టడానికి ముహూర్తం ఎప్పుడని ఎవరైనా అడిగితే... ఇప్పుడే!